హక్కు విడుదల

తిరువూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, రేకుల పంచలో కూచుని దేవానందం దస్తావేజు రాస్తున్నాడు. రాయడమేమిటి, పాత నకలు చూసి దించుతున్నాడు. లోకమంతా తన కలం కోసమే ఆగి ఉన్నట్టు మొహం మాత్రం పెట్టాడు.

పెనుగొలను నుంచి జోజమ్మను తమ్ముడు లాజరు బస్సెక్కించి తీసుకొచ్చాడు. అమ్మా నాన్నా పోయాక మామిడితోట అతనే చూసుకుంటున్నాడు. ఇప్పుడు దాన్ని ఆదిశేషయ్యకు అమ్ముతున్నాడు. అక్క సాక్షిగా వేలిముద్ర వేస్తే చాలన్నాడు. దారిలో ఇడ్లీ పెట్టించాడు, కాఫీ తాగించాడు. ఆమె కొడుకు టైఫాయిడ్‌తో మంచాన పడ్డప్పుడు గుమ్మం తొక్కని మనిషి, ఇవాళ బల్ల మీద దుమ్ము తన కండువాతో దులిపి మరీ కూచోబెట్టాడు. పక్కనే ఇంకో ఇద్దరు సాక్షులున్నారు. వాళ్ళకు బీడీ ఇచ్చిన దిక్కు కూడా లేదు. జోజమ్మ అన్నీ చూసింది.

"ఏం రాశావో చదువు బాబూ," అంది.

దేవానందం గొంతు సవరించుకున్నాడు. "సదరు ఆస్తియందు నాకు గల యావత్తు హక్కుభుక్తములను నిర్వ్యాజముగా విడుదల చేసి..."

"అంటే?"

"ఏం లేదమ్మా, మామూలుగా రాసేదే."

"ఏం లేనిదానికి ఇంత సిరా ఎందుకు ఒలకబోశావ్?"

"నీకర్థం కాదులే అక్కా, వేలు పెట్టు," అన్నాడు లాజరు.

"నీకర్థమైందా?"

లాజరు దేవానందం వంక చూశాడు. దేవానందం కాయితం వంక చూశాడు.

కుర్చీలో ఉన్న ఆదిశేషయ్యకు భోజనం వేళ దాటిపోతోంది. "ఏంటయ్యా ఈ నస! మీ కిరస్తానం వాళ్ళల్లో ఆడపిల్లకీ సమానవాటా అంట. ఆమె తన వాటా వదులుకుంటే గానీ కొనొద్దని బెజవాడ ప్లీడరు మరీమరీ చెప్పాడు. మా ఇళ్ళల్లో ఈ తలనొప్పే లేదు."

జోజమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"వాటా ఏంటక్కా! కామందుల ఆడపిల్లలకే లేంది, నీకెక్కడిది?" అన్నాడు లాజరు. హిందూ ఆడపిల్లలకు వాటా ఇచ్చే చట్టం ఇంకా రాని రోజులవి. అతను అబద్ధమాడటం లేదు, నిజంగా అలాగే నమ్మాడు. ఆదివారం గుళ్ళో ముందు వరస కావాలి, అక్క వాటా దగ్గర కామందుల ఆచారం కావాలి. జోజమ్మకు కోపం కూడా రాలేదు. కోపానికైనా అవతల మనిషంటూ ఉండాలిగా.

"వెయ్యను," అంది. "నేను బిందెలతో నీళ్ళు మోసి బతికించిన చెట్లు. నా సగం నాకు కొలిచిపెట్టి, నీ సగం ఎవరికన్నా అమ్ముకో."

"నలుగుర్లో నా పరువు తీస్తావా?"

"తీద్దామంటే చేతికి తగలట్లేదురా."

ఆదిశేషయ్య లేచాడు. తగాదాలో ఉన్న భూమి ఆయనకొద్దట. "అయ్యగారూ, అయ్యగారూ" అంటూ లాజరు వెంటపడ్డాడు.

"భూమి కొలిపించాలంటే ఎవర్నడగాలి?" అంది జోజమ్మ.

దేవానందం గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "తాలూకాఫీసులో అర్జీ పెట్టాలమ్మగారూ. రాసిపెట్టమంటారా?" కొత్త కాయితం అప్పుడే బయటికి తీశాడు.

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది.

"నువ్వొద్దు నాయనా. నాకర్థమయ్యేట్టు రాసేవాణ్ణి చూసుకుంటా," అని తాలూకాఫీసు దారి పట్టింది.