ముందుమాటలో అమ్మ

మా అక్క చరిత్రకారిణి. ఆడవాళ్లకు ఓటు ఎలా వచ్చింది, దానికోసం ఎవరెవరు జైళ్లలో కూర్చున్నారు, వచ్చాక దాంతో వాళ్లేం చేసుకున్నారు అన్నదే ఆవిడ జీవితమంతా రాసింది. ఇంట్లో అందరం ఆవిణ్ని ప్రొఫెసరమ్మ అంటాం. ఎదురుగా మాత్రం అనం, ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆవిడకు పేరు తెచ్చిపెట్టింది మొదటి పుస్తకం. దాని ముందుమాట ఇలా మొదలవుతుంది: "మా అమ్మకు ఓటుంది. అది జీవితమంతా మా నాన్న చెప్పినవాళ్లకే పడింది." ఈ రెండు వాక్యాలూ అప్పజెప్పని కాలేజీ పిల్ల లేదు. పరీక్షల్లో ఇచ్చారు, సభల్లో చదివారు. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను. మా స్టాఫ్‌రూమ్‌లో చరిత్ర టీచరు ఒకసారి ఆ పేజీ తెరిచి, "పాపం, మీ అమ్మగారేనా?" అని నా వైపు జాలిగా చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మను జాలిపడాల్సిన మనిషిగా నేనెప్పుడూ చూడలేదు.

అక్కకు ఆ సంగతి నాన్న నోటి నుంచే తెలుసు. ఓట్లు వేసొచ్చిన ప్రతిసారీ ఆయన భోజనాల దగ్గర మీసం దువ్వుకుంటూ, "ఈ ఇంట్లో రెండు ఓట్లూ ఒకే గుర్తుకి" అనేవాడు. అమ్మ వడ్డిస్తూ ఉండేది. ఔననేది కాదు, కాదనేది కాదు. అక్క చిన్నప్పటి నుంచీ అది విని విని, పెద్దయ్యాక పుస్తకంలో పెట్టేసింది.

చిత్రమేమిటంటే, విద్యార్థులకు ఆవిడ మొట్టమొదట నేర్పే పాఠం వేరు. "పెళ్లాం గురించి మొగుడు చెప్పింది సాక్ష్యం కాదు. ఆవిణ్ని విడిగా కూర్చోబెట్టి అడగండి" అని ఎంతమంది థీసిస్‌లు మొహాన కొట్టిందో లెక్కలేదు. ఎక్కడెక్కడి ముసలమ్మల ఇళ్లకో వెళ్లి, వాళ్ల గుమ్మాల్లో కూర్చుని, వాళ్లు నోరు విప్పేదాకా ఓపిగ్గా ఉండేది. అమ్మ దగ్గర మాత్రం అలా కూర్చోలేదు. సొంత అమ్మే కదా, తెలియందేముంది అనుకుంది.

అమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్లకి బట్టలు కుట్టేది. పుస్తకం వచ్చిన రోజు మిషను దగ్గరే కూర్చుని ముందుమాట చదివింది. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టింది. "అట్ట బాగుంది" అని పుస్తకం అక్క చేతికిచ్చేసింది. ఆ తర్వాత అక్క రాసింది ఒక్క ముక్క కూడా చదవలేదు, ఏం రాస్తున్నావని అడగనూ లేదు. అక్క చాలా బాధపడింది, అమ్మకు చూపు తగ్గిందని సర్దిచెప్పుకుంది. కళ్లజోడు పెట్టుకుంటే చూపు అప్పుడు నిక్షేపంలా ఉండేది. సూదిలో దారం నేనెక్కించబోతే నా చేతిలోంచి లాక్కునేది.

చూపు నిజంగా పోయింది ఈమధ్యే. నాన్న పోయి చాలా ఏళ్లయింది, అమ్మ నా దగ్గరే ఉంటోంది. అక్క ఉద్యోగం నుంచి రిటైరయింది, మొదటి పుస్తకాన్ని మళ్లీ అచ్చువేస్తున్నారు. కొత్తగా ఒక అధ్యాయం రాసివ్వమని ప్రచురణకర్త అడిగాడు. ముందుమాటలోని అమ్మ, భర్త పోయాక సొంతంగా ఎవరికి ఓటేసింది? పాఠకులు చెవికోసుకుంటారు అన్నాడు. అక్కకీ ఆ ఆలోచన తెగ నచ్చింది. అదే తన ఆఖరి రచన అవుతుందంది. పోలింగ్‌కి ముందురోజే రికార్డరు పట్టుకుని మా ఇంట్లో దిగింది.

"అమ్మతో లోపలికి నేను వెళ్తాను" అంది. కళ్లు కనపడనివాళ్లు తెర వెనక్కి ఒకరిని తోడు తీసుకెళ్లచ్చు. ఎవరికి వెయ్యాలో వీళ్లు చెప్తారు, స్థానిక ఎన్నికలు కాబట్టి ఇంకా కాగితం ఓటే, తోడెళ్లినవాళ్లు దాని మీద ముద్ర వేస్తారు. అంటే అక్కకు కావలసింది అమ్మ నోటితోనే వినబడుతుంది. అమ్మ మంచి చీర తీసి పెట్టమని నాకు చెప్పింది.

పోలింగ్ ఒక స్కూల్లో. చిన్నపిల్లల క్లాసు, గోడ నిండా ఎక్కాల చార్టులు. అమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. బల్ల దగ్గర అధికారి వేలికి సిరా పూయించి, "మామ్మగారూ, మీ పెద్దమ్మాయి లోపలికి వస్తారు. మీరు చెప్పండి, ఆవిడ వేస్తారు" అన్నాడు.

"వద్దు" అంది అమ్మ.

"పోనీ చిన్నమ్మాయిని రమ్మంటారా?"

"అదీ వద్దు."

"మరెలాగమ్మా? మీకు కనబడదు కదా. ఎవరో ఒకరికి చెప్పాలి."

"కట్టుకున్నవాడికే చెప్పలేదు. వీళ్లకి చెప్తానా?"

అక్క చప్పున ముందుకొచ్చింది. "అదేంటమ్మా, నువ్వు నాన్న చెప్పినవాళ్లకేగా వేసేదానివి?" అంది.

"మీ నాన్న చెప్పేవాడు. నేను వినేదాన్ని. తెర వెనక్కి వెళ్లాక నేనొక్కదాన్నేగా!"

"మరి ఆయన అందరి ముందూ అలా అంటుంటే కాదనలేదేం?"

"కాదంటే, మరెవరికి వేశావని అడగడూ?" అంది అమ్మ. తర్వాత అక్క గొంతు వినిపించిన వైపు మొహం తిప్పింది. "ఊళ్లో ఆడవాళ్లందర్నీ అడిగావు. నన్ను అడగలేదేమే? అడిగినా చెప్పేదాన్ని కాదనుకో. అయినా అడగాల్సింది."

అక్క ఇన్నేళ్లూ చప్పట్లు కొట్టించుకున్న ముందుమాట వాక్యమే తప్పయిపోయింది. వెనక వరసలో ఎవరో, "తొందరగా కానివ్వండమ్మా" అని సణిగారు. తోడు లేకుండా పంపడం తన వల్ల కాదన్నాడు అధికారి. "అయితే ఇంటికి పోదాం పదండే" అని అమ్మ వెనక్కి తిరిగింది. ఓటు వచ్చినప్పటి నుంచీ ఒక్కసారి కూడా మానని మనిషి.

అక్క బతిమాలుతుందనుకున్నాను. మాట్లాడనంటే మాట్లాడనన్న ఎందర్నో మాటల్లోకి దించిన మనిషి, అమ్మని ఒప్పించడం ఆవిడకో లెక్కా? అధ్యాయం కూడా చేతికి వచ్చేది. కానీ ఆవిడ అధికారి వైపు తిరిగి, "ఆ అట్ట ఇవ్వండి" అంది.

"ఏ అట్టండీ?"

"చూపు లేనివాళ్ల కోసం కంతలు కోసిన అట్ట. ఓటు కాగితం మీద పెడితే ఒక్కో కంత ఒక్కో పేరుకి సరిపోతుంది. మీకిచ్చిన సామాన్లలోనే ఉంటుంది. ఎవరూ అడగరు కాబట్టి అడుగున పడుంటుంది. వెతకండి."

ఆయన గొణుక్కుంటూ పెట్టె తిరగేశాడు. లక్క కడ్డీలు, సంచులు, దారపు ఉండల కింద నిజంగానే దొరికింది.

అక్క పోటీలో ఉన్నవాళ్ల పేర్లు పైనుంచి కిందికి చదివింది. మళ్లీ ఇంకోసారి చదివింది. ఏ పేరు దగ్గరా గొంతు పెరగలేదు, తగ్గలేదు. అమ్మ కళ్లు మూసుకుని వింటూ, కాజాలు సరిచూసుకున్నట్టు ఒక్కో కంతనూ వేలితో తడుముకుంది. అమ్మని తెర దాకా నడిపించి నేను వెనక్కి వచ్చేశాను. అక్క అప్పటికే గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ఎక్కాల చార్టు ఎదురుగా ఏడుస్తోంది. తెర వెనక ఆలస్యమవుతుంటే వరసలో మళ్లీ సణుగుడు మొదలైంది. "ఆగండి! ఆవిడ ఓటేస్తోంది" అని కసిరింది అక్క, తల తిప్పకుండానే.

ఇంటికొచ్చాక రికార్డరు సంచీలోంచి బయటికి రాలేదు. ప్రచురణకర్తకు ఫోన్ చేసి, అధ్యాయం లేదు, ముందుమాట మారుతుంది అని చెప్పింది. "అందరికీ తెలిసిన వాక్యం అదేనండీ, దాన్ని తీసేస్తే ఎలా?" అని అతను లబోదిబోమన్నాడు. "అది అబద్ధం" అని పెట్టేసింది.

కొన్నాళ్లకు అచ్చు కాగితాలు పట్టుకుని మళ్లీ వచ్చింది. అమ్మ మంచం పక్కన కూర్చుని, పరీక్ష రాసే పిల్లలా తడబడుతూ చదివింది: "మా అమ్మకు ఓటుంది. అది ఎవరికి పడిందో మా నాన్నకు తెలియదు. నేను అడగలేదు కాబట్టి నాకూ తెలియదు."

ఈసారి కూడా అమ్మ అట్ట బాగుందంటుందేమోనని నాకు భయమేసింది. అక్క కాగితాలు మడవబోయింది.

అమ్మ దిండుకి ఆనుకుని సర్దుకుని కూర్చుంది.

"ఆగిపోయావేం?" అంది. "తర్వాతది చదువు."