మామగారి గచ్చు మీద చుక్క పడకుండా

అత్తవారింట్లో అల్లుడు చేసిన ఘనకార్యం ఒక్కటే. కాకపోతే అది ఆషామాషీది కాదు. పోయిన ఏడాది మామగారి ట్రాక్టర్‌కి హైడ్రాలిక్ ఫిల్టర్ మారుస్తానని చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగాడు. పాతది విప్పాడు, కొత్తది బిగించాడు, ఇంజను స్టార్ట్ చేసి దర్జాగా వెనక లిఫ్టు పైకి లేపాడు. అంతే, బుస్సుమని నూనె ఎగజిమ్మింది. పాత ఫిల్టర్ తాలూకు రబ్బరు రింగు దానితో ఊడి రాకుండా పైన ట్రాక్టర్‌కే అతుక్కుపోయింది. మహానుభావుడు అది చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేశాడు. సంగతి బోధపడేసరికి, మామగారు అంతకు ముందు నెలే దగ్గరుండి పోయించుకున్న గచ్చు మీద బకెట్ల కొద్దీ నూనె పారింది.

సబ్బుపొడి, రంపపు పొట్టు, ఎండ, వాన, ఏవీ ఆ మరకను కదిలించలేకపోయాయి. మరదలు దానికి "బావగారి చెరువు" అని నామకరణం చేసింది. అత్తగారు తన వంతు మర్యాద కలిపి "అల్లుడుగారి చెరువు" అనడం మొదలుపెట్టారు. "ఆ చీపురు అల్లుడుగారి చెరువు పక్కన పెట్టవే" అని ఆవిడ అతని ఎదుటే అనేవారు, అందులో ఎగతాళి ఉందని ఆవిడకు తోచనే లేదు.

మామగారు మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అదే అల్లుడికి మింగుడు పడలేదు. తిట్టినా బాగుండేది. అతను ఊరందరి పంపులూ మోటార్లూ బాగుచేసే సొంత షాపున్న మనిషి. ఈ ఏడాది ట్రాక్టర్ మీటర్లో ఫిల్టర్ మార్చాల్సిన గంటలు నిండగానే మామగారు ఫోన్ చేసి, "ఈసారి షెడ్డు నుంచి మెకానిక్‌ని పిలుస్తున్నానులే. మీరు శ్రమ పడకండి" అన్నారు. ఆ "శ్రమ పడకండి" అల్లుడి గుండెల్లో ముల్లులా దిగింది.

"మామయ్యగారూ, ఒక్కసారి చూడండి. చుక్క కింద పడిందంటే ఇంక మీ ట్రాక్టర్ వంక కన్నెత్తి చూడను" అన్నాడు.

"చుక్కంటే చుక్కే మరి" అన్నారు మామగారు.

ఆదివారం పొద్దున్నే అల్లుడు భార్యతో పాటు ఆమె వాక్యూమ్ క్లీనర్‌ని కూడా వెంటేసుకుని దిగాడు. షాపుకి వచ్చే ఓ ముసలాయన చెప్పిన కిటుకు అది. పైన నూనె పోసే మూతి దగ్గర క్లీనర్ గొట్టం పెట్టి, చుట్టూ గుడ్డ కూరి, లోపలి గాలిని లాగుతూ ఉంటే, కింద ఫిల్టర్ విప్పినా నూనె జారదు. గొట్టంలో నీళ్ళు పీల్చి పైన వేలితో మూస్తే నీళ్ళు ఎలా నిలబడతాయో అలాగన్నమాట.

"దీంట్లోకి నూనె పోయిందో, ఇల్లంతా మీరే ఊడవాలి, చీపురుతో" అంది భార్య ట్రాక్టర్ మీదికెక్కి గొట్టం పట్టుకుంటూ.

"గాలే పోతుందే, నూనె పోదు."

"పోయినసారి కూడా ఇంత ధీమాగానే చెప్పారు."

క్లీనర్ వైరు వంటింటి కిటికీలోంచి వచ్చింది. ఇక్కడే ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. వెలిగే లైటు, తిరిగే ఫ్యాను కనిపిస్తే అత్తగారి చెయ్యి ఊరుకోదు. కింద మనిషి కూర్చుని ఉన్నా సరే, టక్కున ఆపేసి తన దారిన వెళ్ళిపోతారు. ముప్పై ఏళ్ళుగా మామగారు సగం చదివిన పేపరుతో చీకట్లో కూర్చుంటూనే ఉన్నారు. ఇది అందరికీ తెలుసు. ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

మామగారు ఇస్త్రీ తెల్లచొక్కా తొడుక్కుని, ముక్కాలిపీట తెచ్చుకుని, సరిగ్గా ఫిల్టర్ పక్కనే కూర్చున్నారు. అల్లుడు ట్రాక్టర్ కింద తెల్ల కాగితాలు పరిచాడు, చుక్క పడితే దాచే వీలు లేకుండా. ఫిల్టర్ చుట్టూ దుమ్మంతా తుడిచాడు. క్లీనర్ హోరుమంది. ఫిల్టర్ విప్పే పట్టీతో ఒక పట్టు పట్టి వదులు చేసి, తర్వాత చేత్తో మెల్లగా తిప్పాడు. ఫిల్టర్ నిండు గ్లాసులా ఊడి వచ్చింది. పైన నోరు తెరుచుకుని ఉన్న కన్నంలోంచి ఒక్క బొట్టు రాలేదు.

మామగారు పీట మీంచి ముందుకు వంగారు. "భలే!" అనేశారు, అనకూడదనుకుంటూనే. అల్లుడికి ఏనుగెక్కినంత సంబరమైంది. కానీ ఈసారి పొరపాటు చెయ్యదలచుకోలేదు, తల ఎత్తి చూశాడు. పాత రబ్బరు రింగు మళ్ళీ అక్కడే, పైనే అతుక్కుని ఉంది.

"దొరికావు" అని ఎడమచేత్తో నిండు ఫిల్టర్ నిటారుగా పట్టుకుని, కుడిచేతి గోటితో రింగు అంచు లేపాడు. సగం ఊడింది.

క్లీనర్ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. అల్లుడికి రెండు చేతులూ ఖాళీ లేవు. నూనె కన్నం అంచున మెరిసింది. అప్పుడు ఇస్త్రీ తెల్లచొక్కా చెయ్యి ఒకటి అతని భుజం మీదుగా దూసుకొచ్చింది. మామగారు కన్నానికి అరచెయ్యి అడ్డం పెట్టి అదిమిపట్టారు. నూనె మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి దిగింది. మోచేతి దాకా వచ్చి కింద పడబోతుంటే ఆయన మోచేతిని కడుపుకి హత్తుకున్నారు. తాగినంతా చొక్కాయే తాగింది.

"ఏమేవ్! స్విచ్చి!" అని కేక పెట్టారు.

"స్విచ్చి మీద ఎర్రలైటు ఊరికే వెలుగుతుంటే నేనే ఆపానండీ" అని వంటింట్లోంచి జవాబు వచ్చింది, మెచ్చుకుంటారేమోనన్న గొంతుతో.

"వెయ్యవే తల్లీ, ముందు వెయ్యి!"

క్లీనర్ మళ్ళీ హోరుమంది. అల్లుడు ఫిల్టర్‌ని పళ్ళెంలో పెట్టి, "ఇక తియ్యండి మామయ్యగారూ" అన్నాడు. ఆయన నమ్మి చెయ్యి తీశారు. ఒక్క బొట్టు రాలేదు. పాత రింగు పూర్తిగా లాగి మామగారికి చూపించాడు. కొత్త రింగుకి వేలితో కాస్త నూనె రాసి, కొత్త ఫిల్టర్‌ని చేత్తోనే గట్టిగా బిగించాడు. ఇంజను స్టార్ట్ చేసి లిఫ్టు మూడుసార్లు పైకీ కిందికీ ఆడించాడు. కింద కాగితాలు పరిచినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి కాగితాలు చూశారు, తర్వాత భర్తను చూశారు. "గచ్చు మీద పడలేదు సరే, ఈ చొక్కా ఏం పాపం చేసిందండీ?"

అల్లుడి భార్య ట్రాక్టర్ పైనుంచి పడీపడీ నవ్వింది. మామగారు కూడా నవ్వారు. అల్లుడు మాత్రం ఆ చొక్కా వంకే చూస్తుండిపోయాడు. ముడత పడితే చిరాకుపడే మనిషి, అతని మాట నిలబెట్టడానికి ఆ చొక్కానే అడ్డం పెట్టారు.

ఫిల్టర్ మార్చినవాళ్ళు దాని మీద తేదీ, మీటర్ గంటలు రాయడం ఆనవాయితీ. అల్లుడు మార్కర్ తీశాడు. మామగారు నూనె చెయ్యి చాపి, "ఇలా ఇవ్వండి" అన్నారు. పీట దగ్గరికి జరుపుకుని తేదీ రాశారు, గంటలు రాశారు. కింద, మళ్ళీ ఎన్ని గంటలకు మార్చాలో రాసి, ఓ క్షణం ఆగి, దాని పక్కన "అల్లుడు" అని రాశారు.

ఆ మాట చివర ఆయన వేలి నూనె ముద్ర పడింది. అల్లుడు అలవాటు కొద్దీ తుడవడానికి గుడ్డ తీశాడు. తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.