చిటికెడు చక్కెర

పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. ఆ ఇంట్లో మాత్రం ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, మిగతాది చేతులు బారచాపి అందుకుంటూ, ఆమె ఒక్కతే మడతపెడుతుంది. ఆ సాయంత్రం కూడా అలాగే పెడుతూ ఉంటే, సోఫాలో ఫోను చూసుకుంటున్న భర్త తలెత్తకుండానే అన్నాడు.

"అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎవరో ఒకరు పక్కనే ఉండాలట. నువ్వో ఏడాది సెలవు పెట్టెయ్. నీ ల్యాబ్ ఎక్కడికి పోతుంది?"

ఆమె జవాబు చెప్పలేదు. నోరు తెరిస్తే దుప్పటి జారిపోతుంది. ఆ ఇంట్లో చాలా జవాబులు ఇలాంటి కారణాలవల్లే ఆగిపోయాయి. నోట్లో పిన్నీసు ఉండటంవల్ల, పొయ్యిమీద పాలు పొంగబోతూ ఉండటంవల్ల, ఒళ్లో పిల్ల అప్పుడే నిద్రపోయి ఉండటంవల్ల. ఆయన ఈ మౌనాన్ని కూడా ఒప్పుకోలు కింద జమకట్టుకుని మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు.

ఆమె మాత్రం కిటికీలోంచి పడుతున్న పలచని ఎండలో నిలబడి, మెల్లగా తన ఎంజైమ్ దగ్గరికి వెళ్లిపోయింది. కొందరు మగపిల్లలు దెబ్బ తగిలితే నెత్తురు ఆగని జబ్బుతో పుడతారు. వాళ్లలో కొందరికి నెత్తురు గడ్డకట్టించే జన్యువులో ఏదీ పోదు, అక్షరాలన్నీ ఉంటాయి. ఒక పెద్ద ముక్క మాత్రం తలకిందులుగా తిరిగిపోయి ఉంటుంది. దాని రెండు చివర్లూ గుర్తుపట్టి, కోసి, తిప్పి, ఒక్క అక్షరం పోకుండా మళ్లీ అతికించే ఎంజైమ్‌ను మలచడం ఆమె పని. కొయ్యడానికేముంది, ఎన్నో ఎంజైములు కోస్తాయి. కోసిన కొసల్ని అవి అతికేదాకా వదలకుండా పట్టుకోవడంలోనే ఉంది అసలు కష్టం. కళ్లు మూస్తే చాలు, ఆమెకది కనిపిస్తుంది. నీళ్లలో తేలుతున్నట్టు, అంతులేని డీఎన్ఏ దారం పొడుగునా తడుముకుంటూ, ఇది కాదు, ఇదీ కాదు అనుకుంటూ పోయి పోయి, ఒకచోట ఆగి వాలుతుంది. బస్సులో, స్నానాలగదిలో, అత్తగారి కాళ్లకు మందు రాస్తూ కూడా ఆమె దాని వెంటే తిరుగుతూ ఉంటుంది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. పరధ్యానం అంటారు. అననీ.

అలాంటి ఎంజైమ్‌ను ఎవరూ ఒక్కసారిగా తయారుచెయ్యలేరు. చిన్న చిన్న తేడాలతో వేల రకాలు చేసి, బాక్టీరియాలో పెట్టి, ముక్కను బాగా తిప్పినవాటిని ఏరి, వాటికి మళ్లీ తేడాలు చేసి, మళ్లీ ఏరాలి. బాక్టీరియా ఆ ఎంజైమ్‌ను తయారుచెయ్యాలంటే దానికి ఒక రకం చక్కెర వెయ్యాలి. ఎంత చక్కెర వేస్తే అంత ఎంజైమ్. పోయిన నెల సరిగ్గా చక్కెర వేసే వేళకి భర్త ఫోను చేశాడు.

"అమ్మ బీపీ మాత్రలు ఎక్కడ పెట్టావ్?"

"ఫ్రిజ్ మీద, నీలం డబ్బాలో."

"నీలమంటే లేతదా, ముదురుదా?"

లేతదో ముదురుదో తేలేలోపు ఆమె చెయ్యి పక్క సీసామీదికి పోయింది. అందులో ఉన్నది బాగా పలచన చేసిన చక్కెర. గుప్పెడు పడాల్సినచోట చిటికెడు పడింది. మర్నాడు గాని ఆమెకు సంగతి తెలియలేదు. అయినా పారెయ్యబుద్ధి కాలేదు. ఆ కరువులో దాదాపు అన్ని రకాలూ చేతులెత్తేశాయి. మిగిలిన కాసిని మాత్రం అంత కొద్ది ఎంజైమ్‌తోనే ముక్కను చక్కగా తిప్పేశాయి. చూడటానికి కొయ్యాల్సిన చోటులాగే ఉండే తప్పుచోట్లన్నీ ఆమె వారాలకొద్దీ వెతికింది. ఎక్కడా ఒక్క గాటు లేదు. ఆ రోజు బాక్టీరియాను పెంచే ఇంక్యుబేటర్ తలుపుకి నుదురానించి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది.

ల్యాబ్‌ను నడిపే శాస్త్రవేత్తను అందరూ పెద్దాయన అంటారు. ఇవాళ మధ్యాహ్నం మీటింగులో ఆయన, "నీ హస్తవాసి మంచిదమ్మా" అన్నాడు. వారాలకొద్దీ వెతుకులాట అలా ఒక్క మాటతో అదృష్టం ఖాతాలోకి వెళ్లిపోయింది. "తక్కువలో సర్దుకుని ఎక్కువ చేసిపెట్టేదే అసలు సరుకు. మన ఇళ్లల్లో ఆడవాళ్లలాగా" అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదే ఇప్పటికీ లోపల గుచ్చుకుంటోంది. వెళ్తూ వెళ్తూ ఆయన, "ఇక మనిషి కణాల్లో చూడాలి. ఏడాది పని. ఉంటానంటే నీదే, కుదరదంటే ఇంకొకరికి ఇస్తా. ఇవాళే చెప్పెయ్" అన్నాడు.

పిల్ల పుట్టినప్పుడూ ఇంట్లో ఇలాగే, ఏడాదేగా, అన్నారు. ల్యాబ్‌కి తిరిగి వెళ్లేసరికి అంతకుముందు ఆమె పెంచిన ఎంజైమ్ ఇంకొకాయన చేతిలో ఉంది. అడిగితే, "నువ్వు లేవుగా" అన్నారు. నిజమే, లేదు.

మడత పూర్తయింది. ఆమె ఆలోచన మాత్రం చక్కెర దగ్గరే ఆగింది. చక్కెర తగ్గించడం ఒక పరీక్ష. నెగ్గినదాన్ని తర్వాత కడుపునిండా పెట్టి పెంచుతారు. నెగ్గింది కదా అని జన్మంతా పస్తుంచే ల్యాబ్ ఏదీ ఆమెకు తెలియదు. ఆమెకు కోపం వచ్చింది. కేకలు వేసే కోపం కాదు, నిద్రలోంచి హాయిగా మెలకువ వచ్చినట్టుండే కోపం.

"ఏమండీ, సెలవు మీరు పెట్టండి."

ఆయన తలెత్తాడు. "నేనా?"

"ఆవిడ మీ అమ్మగారు కదా. మీ పక్క సీటాయన వాళ్ల నాన్న కోసం పెట్టాడని మీరే మెచ్చుకున్నారు."

"ఆయన సంగతి వేరు. వాళ్లింట్లో ఆడమనిషి లేదు."

"ఈ ఏడాదంతా పగటిపూట ఈ ఇంట్లోనూ ఉండదు."

గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. "వాడికేం చేతనవుతుందే, నన్ను పట్టుకుని నడిపించడం?"

"రెండ్రోజులు తడబడతారు అత్తయ్యా. తర్వాత అదే వస్తుంది. నాకూ అలాగే వచ్చింది."

 ఆయన ఫోను పక్కన పెట్టి భార్య వైపు కొత్తగా చూశాడు. ఆమె ఫోను తీసి పెద్దాయనకు చేసింది.

"ఆ పని నేనే చేస్తాను సార్. ఇంట్లో చూసుకోవడానికి మనిషి దొరికారు."