గొడుగు చూశానా, లేదా

మేనకోడలు కాలేజీలో జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తోంది. రెండు భాషలు వచ్చినవాళ్లు కావాలి అనగానే అత్త చెయ్యెత్తేసింది. మందుల షాపు కౌంటర్లో పగలంతా ఒక భాష, గడప దాటి ఇంట్లోకొస్తే ఇంకో భాష. అంతకన్నా అర్హత ఏం కావాలి?

అసలు కారణం మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు. తన తల్లికి సరిగ్గా ఈ వయసులోనే మాటలు జారిపోవడం మొదలైంది. మొన్నొకరోజు పాలు పొంగుతుంటే తనూ పొయ్యి దగ్గర నిలబడి "అదీ, అదీ" అని చెయ్యి ఊపింది. భర్త గరిటె అందించాడు. కావలసింది పట్టకారు.

మొదటిరోజు తెర మీద మాటలు ఒక్కొక్కటే వచ్చి పోయాయి, కొన్ని ఇంటి భాషలో, కొన్ని షాపు భాషలో. వారం తర్వాత కొత్త మాటలు కలిపి మళ్లీ చూపిస్తారట. అదే భాషలో చూసినదైతే పచ్చ మీట, చూడనిదైతే ఎర్ర మీట.

"ఈ వారం వాటి గురించి ఆలోచించకు అత్తా," అంది మేనకోడలు.

ఆ మాట అనకపోయినా బాగుండేది. గిన్నెలు తోముతూ, మాత్రలు కత్తిరిస్తూ వారమంతా అదే జపం.

"పావురం," అంది ఒకసారి అన్నం వడ్డిస్తూ.

"ఎక్కడ?" అని భర్త కిటికీ వైపు చూశాడు.

"మీరు తినండి."

రెండోసారి కూర్చున్నప్పుడు బల్ల కింద కాలు ఊగుతూనే ఉంది. 'గొడుగు' వచ్చింది, ఇంటి భాషలో. చూసిందా? కళ్లముందు గొడుగైతే తెరుచుకునే ఉంది. పచ్చ నొక్కింది. 'కత్తెర'. అదీ పచ్చే.

ఫలితం చూసి మేనకోడలు నొసలు ముడిచింది. "చూడనివి చాలా చూశానన్నావు అత్తా."

"అయితే మా అమ్మలాగే అన్నమాట." నోరు జారింది.

ఆ పిల్ల తెర ఇటు తిప్పింది. "ఇదిగో, గొడుగు, కత్తెర, దిండు. ఇవన్నీ నీకు షాపు భాషలో చూపించినవే. నువ్వు ఇంటి భాషలో చూశాననుకున్నావు. ఇంటి దగ్గర వల్లె వేశావా?"

"కొంచెం."

"ఇంటి భాషలో అర్థాలతో సహా?"

"అర్థం లేకుండా ఎలా వల్లె వేస్తారే?"

"నీ ఫలితం చెత్తబుట్టకే."

"అంటే నాకేం లేనట్టేనా?"

"అది ఈ పరీక్ష చెప్పదు. డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా."

సరేనంది. తిరిగొచ్చే దారిపొడుగునా మనసు ఒకచోట నిలవలేదు. పట్టకారుని షాపు భాషలో ఏమంటారు? ఎంత తడుముకున్నా తట్టలేదు. మరిచిపోయిందా, అసలెప్పుడూ తెలియదా? ఉండబట్టలేక గిన్నెల కొట్టు ముందు ఆగి, మేకుకు వేలాడుతున్నదాన్ని వేలితో చూపించి షాపు భాషలో పేరడిగింది.

కొట్టతను దానివైపు చూశాడు. తల గోక్కున్నాడు. "అదే," అన్నాడు, "వేడి గిన్నె దించుతారు చూడండి, అదీ."

ఒకటి కొనుక్కుని ఇంటికెళ్లింది.