ఒకటి అంకె ఎక్కడుంది?

అమీర్‌పేట మేడమీది ఆ కంప్యూటరుకు షరీఫున్నీసా మీద ఏం కోపమో గానీ, వారం రోజులుగా ఒకటే మాట అంటోంది: మళ్ళీ మొదటి నుంచి కొట్టు.

ఎనభై ఏడు నాటి సంగతి. ఆమె ఎర్రమంజిల్‌లో వానల లెక్కలు చూసే ఆఫీసులో టైపిస్టు. అక్కడికి కంప్యూటరు రాబోతోంది. శనివారం పరీక్షలో నెగ్గినవాళ్ళకు దాని ముందు కుర్చీ, మిగతావాళ్ళకు ఆదిలాబాద్ బదిలీ. భర్త ఖుద్దూస్ పంజాగుట్టలో దర్జీ కొట్టు వదిలి రాలేడు. ఆయన్నీ పిల్లల్నీ వదిలి ఆమె పోలేదు. అందుకే ఆఫీసు కాగానే అమీర్‌పేటలోని ఈ కంప్యూటరు క్లాసుకొచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, ఏసీ చలికి కొంగు కప్పుకుని కూర్చుంటోంది.

శుక్రవారం వానల అంకెలు కొడుతోంది. కంప్యూటరు ఇరవై మూడు తీసుకుంది, నలభై ఐదు తీసుకుంది, పన్నెండు దగ్గర మొండికేసింది. పాఠం చెప్పే వీర్రాజు వంగి అదే పన్నెండు కొట్టాడు. మిషన్ బుద్ధిగా తీసుకుంది.

“బాగానే ఉంది కదండీ!” అన్నాడు ఆ రాజమండ్రి అబ్బాయి.

“మీరు కొడితే తీస్కుంటది, నేను కొడితే తీస్కోదా? గిదేం మిషన్ సారూ, మనిషిని చూసి మాట్లాడ్తదా?”

వెనక వరసలో కిసుక్కుమన్నారు. ఆమెకు ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ అంతకు మించి, సంగతేమిటో తేల్చుకోవాలన్న పట్టుదల వచ్చింది. అది వద్దన్న అంకెలన్నీ గుర్తు తెచ్చుకుంది. పదిహేడు, ముప్పై ఒకటి, పన్నెండు. అన్నింట్లోనూ ఒకటి ఉంది.

“జర మెల్లగ కొట్టుర్రి సారూ. మీ వేళ్ళు చూస్త.”

వీర్రాజు ఎడమ చిటికెన వేలు పైవరస మూలకు పోయింది.

“గా మూలకెందుకు పోయిన్రు?”

“ఒకటి అక్కడే కదండీ ఉంది! మీరెక్కడ కొడుతున్నారేంటి?”

ఆమె చిన్న ఎల్ అక్షరం చూపించింది. ఆఫీసులో ఆమె కొట్టే పాత టైపు మిషన్‌లో ఒకటికి మీటే లేదు, అంకెల వరస రెండుతోనే మొదలవుతుంది. ఎల్ కొడితే కాగితం మీద ఒకటిలాగే ఉంటుంది, ఆఫీసర్లూ అలాగే చదువుకుంటారు. ఈ మిషన్‌కు మాత్రం ఆ సర్దుబాటు తెలియదు.

“ఒకటి లేని మిషనా!” అని వీర్రాజు నోరు తెరిచాడు.

“ఒకటికి వేరే బటన్ సుత ఉంటదా!” అని ఆమె బుగ్గ నొక్కుకుంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

తెలిసినంత మాత్రాన వేలు వింటుందా? ఆ రాత్రి ఇంట్లో పిండి కలుపుతున్నా, తెల్లారి పిల్లలకు జడలు వేస్తున్నా, చిటికెన వేలిని ఆ మూలకు పంపుతూనే ఉంది. ఏమైందని ఖుద్దూస్ అడిగితే, వేలికి దారి నేర్పుతున్నానంది.

పరీక్షలో కంప్యూటరు ఒక్కసారీ వద్దనలేదు.

సోమవారం సూపరింటెండెంట్ రాజనర్సయ్య చిత్తుప్రతి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “నీ ఆర్డర్ నువ్వే కొట్టుకో చెల్లె. పదకొండో తారీఖు నుంచి కంప్యూటర్ సీటు నీదే.”

ఆమె పాత మిషన్ మీద టకటకా కొట్టి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

“గిదేంది, ఇరవై రెండు అని కొట్టినవ్?”

షరీఫున్నీసా కాగితం చూసింది, పాత మిషన్ పైవరస మూలనున్న రెండు మీట చూసింది, తర్వాత తన ఎడమ చెయ్యి చూసుకుంది. వారం రోజుల దిగులంతా ఒక్కసారి దిగిపోయి కళ్ళు చెమ్మగిల్లాయి.

“ఇంకో కాగితం ఇయ్యుర్రి సార్,” అంది నవ్వుతూ. “నా వేలు అప్పుడే పోయి కొత్త కుర్చీల కూసున్నది.”