గడప ముందు విడిచిన బూట్లు

ఆ రోజు ఎండ సంగతి ముందు చెప్పాలి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద తారు బెల్లం పాకంలా సాగుతోంది. దిగాల్సిన విమానాలు కూడా చక్రాలు కాలుతాయని పైన రెండు చుట్లు ఎక్కువ తిరుగుతున్నాయి. మా అంబులెన్స్ బానెట్ మీద జొన్నరొట్టె కాల్చుకుని తిన్నానంటే మా శిరీష మేడం నమ్మలేదు.

"దశరథన్నా, నీ నోట్లకెళ్లి ఒక్క నిజం వచ్చిన్నాడు నేను పొర్లుదండాలు పెడ్త" అంది.

బండి నడిపేది నేను. వెనక పేషెంట్‌ను చూసుకునేది ఆమె. ఆరేళ్ళుగా ఇదే జోడీ. ఇప్పుడు నేను చెప్పేదాంట్లో కలిపింది ఈ ఎండ ఒక్కటే. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

పొద్దున ఎనిమిదింటికి పూర్ణిమ వచ్చింది. అంబులెన్స్ పని నేర్చుకునే కోర్సు చదువుతున్న పిల్ల. ఒక రోజంతా మాతో తిరిగి పని ఎలా జరుగుతుందో చూడాలి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడలో కాలేజీ కార్డు, కాళ్ళకు లేసులు లేని నల్ల బూట్లు. జుట్టు ఎంత గట్టిగా ముడేసిందంటే కనుబొమ్మలు నెత్తికెక్కాయి. శిరీష కాలేజీ వాళ్ళిచ్చిన తనిఖీ కాగితం పట్టుకుని ఆమె చుట్టూ తిరిగింది.

"చేతులు చూపియ్. గాజుల్లేవు, ఉంగరం లేదు. గోర్లు?"

"రాత్రే తీస్కున్న మేడం."

"పట్టీలు?"

పూర్ణిమ ప్యాంటు అంచు పైకెత్తి చూపించింది.

"ఇగ ఇను. ఫోన్ తియ్యొద్దు, ఫొటోలు కొట్టొద్దు. ఏం గాదు, తక్వైతది అని పేషెంటోళ్ళకు నువ్వు చెప్పొద్దు. నేను చెప్పంది ఎవ్వర్ని ముట్టొద్దు. ఒర్రొద్దు, కేకలెయ్యొద్దు. బండి దిగినకాడికెళ్లి మళ్ల ఎక్కేదాక బూట్లు ఇడ్వొద్దు. సమజైందా?"

"అయింది మేడం."

"ఏం సమజైంది? చెప్పు."

ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా మొత్తం అప్పజెప్పింది.

శిరీష మందుల పెట్టె సర్దుకోవడానికి వెనక్కి వెళ్ళాక నేనన్నాను. "గంత భయమేంది చెల్లె? మేడం మనుషుల్ని తినదు. నిరుడు ఒకర్ని తిన్నది గని అరగలే."

ఆమె నవ్వలేదు. "అన్నా, పోయినసారి వేరే బండి మీద పోయిన. మా అక్క పెండ్లికి ఏసుకున్న గాజులు నెల దాక తియ్యొద్దని మా అవ్వ అన్నది. నేను తియ్యలే. స్ట్రెచర్ లేపుతుంటే పగిలి ముక్కలన్ని పేషెంట్ మీద పడ్డయ్."

"పడితే?"

"గా కాగితం ఆఖర్ల ఒక ప్రశ్న ఉంటది. ఈ విద్యార్థిని మళ్ళీ బండి ఎక్కించుకుంటారా అని. గా బండి సారు కాదని రాసిండు. ఇయ్యాల మేడం గూడ కాదంటే కాలేజీల నా పేరు కొట్టేస్తరు."

శిరీష సంగతి నాకు తెలుసు. సొంత తమ్ముడు షర్టు బొత్తాం పెట్టుకోకుండా వచ్చినా కాదనే రాస్తుంది. ఆ మాట ఈ పిల్లకు చెప్పలేదు. 

పదకొండున్నరకు ఫోనొచ్చింది. ప్లాట్ల వెంచరు వెనక పాత వాడలో ఒక పెద్దమనిషి పడిపోయాడు, పలకడం లేదు. బండి ఎలా పోనిచ్చానంటే నా సైరన్ నాకే వెనక నుంచి వినిపించింది.

లింగమ్మ అనే ఆమె వీధిలోకి పరిగెత్తుకొచ్చి చేతులు ఊపుతోంది. పడిపోయింది ఆమె పెనిమిటి కుర్మయ్య. గోదాము దగ్గర రాత్రి కాపలా కాసి పొద్దున పడుకునే మనిషి.

"కూలర్ల నీళ్ళు వోస్తనని లేసిండు కొడుకా! దబ్బున సప్పుడైంది. వోయి సూస్తే గట్ల పడ్డడు. ఊపిన, పిల్సిన, పల్కుత లేడు!"

గుండెపోటనే అనుకున్నాం. ఆ ఎండకు ఎవరైనా అదే అనుకుంటారు. వాడంతా కరెంటు లేదు. కూలర్ అన్న మాట విన్నాక, కరెంటు ఎప్పుడు పోయిందమ్మా అని ఒక్క మాట అడగాల్సింది. నేనూ అడగలేదు, శిరీషా అడగలేదు.

శిరీష బ్యాగు పట్టుకుని లోపలికి ఉరికింది. వెనకే పూర్ణిమ. నేను స్ట్రెచర్ దించుతూ చూశాను. గడపకు నిండుగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. దాని ముందుకు రాగానే పూర్ణిమ కాళ్ళు ఆగాయి. ఎవరూ విడవమనలేదు. ఒక కాలితో ఇంకో కాలి మడమ తొక్కి, రెండు బూట్లూ విడిచి, పక్కపక్కన పెట్టి, ఉత్త సాక్సులతో లోపలికి పోయింది. పుట్టినప్పటి నుంచి పసుపు గడప ముందు అలా ఆగిన కాళ్ళు అవి. పొద్దున అప్పజెప్పిన పాఠం వాటి దాకా దిగలేదు. అరుద్దామనుకున్నాను. అరిస్తే శిరీష వింటుంది. ఊరుకున్నాను.

లోపల చీకటి. మంచానికీ ఇనప కూలర్‌కూ మధ్య కుర్మయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. బకెట్ బోర్లా పడి నేలంతా నీళ్ళు. ఆయన చెయ్యి కూలర్ స్టాండు కాలికి ఆనుకుని ఉంది.

"కాకా! ఓ కాకా!" అంటూ శిరీష వంగింది. మెడ దగ్గర నాడి చూద్దామని చెయ్యి చాపుతూ, మోకాలు నీళ్ళలో ఆనించబోతోంది.

అప్పుడే పైన ఫ్యాను ఒక్కసారి కదిలింది. వాడలో పిల్లలంతా "కరెంటొచ్చిందోయ్!" అని కేకలేశారు. కూలర్ గుర్రుమంది.

"మేడం! ముట్టొద్దు!"

పూర్ణిమ కేకకు వాకిట్లో నా చేతిలోంచి స్ట్రెచర్ జారింది. ఆ పిల్ల రెండు చేతులతో శిరీష కోటు కాలర్ పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ చెక్క మంచం మీద పడ్డారు. కింద కుర్మయ్య ఒళ్ళు కర్రలా బిగుసుకుంది.

"నేలల్ల కరెంట్ ఉన్నది! కాళ్ళల్ల జివ్వుమంటున్నది! కూలర్... కూలర్ మేడం!"

కుర్మయ్యను పడగొట్టింది ఆ కూలరే, ఆ తర్వాతే వాడలో కరెంటు పోయిందన్నమాట. అది విన్నాక గడప దాటబోయిన నా కాలు గాల్లోనే ఉండిపోయింది. కిందకు పెట్టాలంటే భయం, వెనక్కి తియ్యాలన్నా భయం. శిరీష మంచం మీద నుంచి అరిచింది. "అన్నా! మెయిన్ పీకు! మెయిన్!"

"మెయిన్ ఏడున్నదమ్మా?"

లింగమ్మ ఇంటి పక్క గోడ వైపు వేలు చూపించింది. ఆ గోడంతా చిక్కుడు తీగ. నేను తీగను రెండు చేతులా పీకాను. ఆకులు, కాయలు, ఒక పిచ్చుక గూడు, అన్నీ నా మీద పడ్డాయి. డబ్బా దొరికింది. మూత రాలేదు. లోపల ఒక మనిషి కరెంటులో ఉడుకుతున్నాడు, నేనిక్కడ తుప్పు పట్టిన మూతతో కుస్తీ పడుతున్నాను. గోరు ఊడింది, మూత వచ్చింది. హ్యాండిల్ కిందికి లాగాను.

లోపల ఫ్యాను ఆగింది. అయినా శిరీష మంచం దిగలేదు.

"ఖరారేనా అన్నా?"

"పీకిన!"

"ప్లగ్గు గూడ పీకు. కట్టెతోని."

చీపురు కట్టెతో ప్లగ్గు ఊడగొట్టాను. అప్పుడు ఆమె దిగి మెడ మీద వేళ్ళు పెట్టింది. వేళ్ళు జరిపి మళ్ళీ చూసింది.

"నాడి లేదు. పూర్ణిమా, దిగు. ఛాతీ ఒత్తు. నేను గాలి ఇస్త."

పూర్ణిమ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పాదాలను చేతులతో గట్టిగా పట్టుకుంది, వదిలితే అవే నీళ్ళలోకి పోతాయన్నట్టు. "నేను ముట్టొద్దు గద మేడం..."

"నేను చెప్పంది ముట్టొద్దన్న. ఇప్పుడు చెప్తున్న. దిగు బిడ్డా!"

ముందు ఒక బొటనవేలు ఆనించి చూసింది. తర్వాత దిగింది. చేతి మీద చెయ్యి వేసి ఒత్తడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. లెక్క పెడుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు.

ఆయన్ను బండెక్కించి, ఒళ్ళు పొడిగా తుడిచి, గుండెకు షాక్ ఇచ్చే మిషన్ తగిలించారు. మిషన్ చూసి పూర్ణిమ వెనక్కి జరగడం అద్దంలో చూశాను.

"మళ్ల కరెంటా మేడం?"

"గిది లేపే కరెంటు. చేతులు తియ్యి."

నేను బండి తీశాను. లింగమ్మ నా పక్క సీట్లో కూర్చుంది. వెనక నుంచి లెక్క వినిపిస్తూనే ఉంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై. కొంచెం ఆగి మళ్ళీ ఒకటి. ఆ లెక్క నడుస్తున్నంతసేపు నాకు ధైర్యం. ఎయిర్‌పోర్ట్ మలుపు దాటి పెద్ద రోడ్డెక్కాక, పదిహేడు దగ్గర లెక్క ఆగిపోయింది.

ముప్ఫై దాకా పోవాల్సిన లెక్క పదిహేడు దగ్గర ఎందుకు ఆగుతుంది?

లింగమ్మ నా మోచేయి పట్టుకుంది. "ఏమైంది కొడుకా? ఎందుకాపిండ్రు?"

ఆకాశంలోంచి అబద్ధాలు దించేవాణ్ణి. ఆ క్షణంలో నోట్లో ఒక్కటి దొరకలేదు. ఏం గాదమ్మా అనకూడదు, అది పూర్ణిమకే కాదు, నాకూ వర్తించే రూలు. గేరు మార్చాను. అదొక్కటే నేను చేయగలిగింది.

వెనక నుంచి అద్దం మీద గట్టిగా కొట్టిన చప్పుడు.

"అన్నా! నాడి దొరికింది! జల్ది పోనియ్!"

దవాఖానలో ఆయన్ను అప్పజెప్పాం. బతికే ఉన్నాడు, రేపటి దాకా ఏం చెప్పలేం అన్నారు డాక్టర్లు. పూర్ణిమ బయట సిమెంటు మీద ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతోంది. సాక్సులు కాలుతున్నాయి. అప్పటిదాకా శిరీషకు ఆ కాళ్ళు చూసే తీరిక లేదు. 

"బూట్లేవి?"

"గడప కాడ ఇడ్సిన మేడం."

ఇంతలో లింగమ్మ వచ్చి, దవాఖానోళ్ళు ఆధార్ కార్డు అడుగుతున్నారని, అది దేవుని పటం వెనక ఉందని, జర తెచ్చిపెట్టమని బతిమాలింది. మా అడ్డాకు పోయే దారే కనక సరేనన్నాం.

దారిలో శిరీష కాగితం తీసి తొడ మీద పెట్టుకుంది. బూట్లు అన్న చోట ఇంటూ కొట్టింది. ఒర్రడం అన్న చోట ఇంకో ఇంటూ. పెన్ను కింది ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగింది. వెనక నుంచి పూర్ణిమ ఆ పెన్నునే చూస్తోంది.

నేనుండబట్టలేక అన్నాను. "మేడం, చెల్లె బూట్లు ఇడ్వకుంటే ఇయ్యాల నీకు..."

"ఎరుకే అన్నా." ఆమె వెనక్కి తిరిగింది. "ఇయ్యాల నీ సాక్సులే నన్ను బతికిచ్చినయ్. నేను కాదంటలేను. కని ఇంకో అడుగు ముందటికి ఏస్తే నువ్వే పండుకుంటుంటివి. కాకను ఇడ్శిపెట్టి నిన్ను మోస్తుంటిమి. గప్పుడు మీ అవ్వకు నేనేం జెప్పాలె?"

పూర్ణిమ రెండు కాళ్ళూ సీటు కిందికి లాక్కుంది.

ఇంటి ముందు ఆపాను. బూట్లు పెట్టిన చోటే, పెట్టినట్టే ఉన్నాయి. పూర్ణిమ వాటిని తొడుక్కుని గడప ముందు నిలబడింది. లోపల అదే చీకటి, అవే నీళ్ళు, ఆ మూలన కూలర్. మెయిన్ నేను పీకింది పీకినట్టే ఉందని తెలిసినా నేను ఇంజను ఆపలేదు. పూర్ణిమ అడుగు ముందుకు వెయ్యలేదు. పైగా కాళ్ళకు బూట్లు, ఎదురుగా పసుపు గడప.

"నేను తెస్త తియ్" అని నేను తలుపు తీయబోయాను. శిరీష నా చెయ్యి పట్టి ఆపింది.

పూర్ణిమ ముందు గోడ పక్కకు పోయి మెయిన్ చూసింది. వెనక్కి వచ్చి, వంగి, గడపను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది.

"మాఫ్ జెయ్యి తల్లీ" అంది. బూటు కాలు గడప మీద పడకుండా పెద్ద అడుగేసి లోపలికి పోయింది. నీళ్ళలో బూట్లు చప్పుడు చేశాయి. నాలుగు అడుగులు, అయిదు. తర్వాత చప్పుడు లేదు. మళ్ళీ బూట్ల చప్పుడు. కార్డు ఛాతీకి అదుముకుని ఎండలోకి వచ్చింది.

శిరీష కాగితం మీద ఏదో రాసి, మడిచి, ఆమె చేతిలో పెట్టింది. పూర్ణిమ దాన్ని విప్పడానికి భయపడుతూ అలాగే పట్టుకుంది.

"సోమవారం ఎనిమిదింటికి రా" అంది శిరీష. "సాక్సులు ఉతుక్కోని రా."