తొర్రలో కప్ప

మొగుడి ప్యాంటు మడతలు విప్పి దులపగానే బాత్రూమ్ నిండా ఇసుక రాలింది. ఇసుకంటే వాగు. మహానుభావుడు ఈసారి కూడా వాగులోనే వెతికొచ్చాడన్నమాట. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ కనపడని ఆ కప్పను ఈ వానలు తగ్గేలోగా చూపించకపోతే, దాని అడవిని కొట్టేసి రోడ్డు వేస్తారు. హాల్లో ఆయన శిష్యురాలికి ఫోన్లో చెబుతున్నాడు.

"ఇక లేదమ్మా అది. అంతరించిపోయిందని రాసేద్దాం."

లేకపోవడమేమిటి? ఇరవై మూడేళ్ళ వయసులో, నాన్న పాత గొడుగు కింద నిలబడి దాన్ని అరచేతిలో పెట్టుకున్నది తనే కదా. బొటనవేలి గోరంత ఉంది. చెట్టు తొర్రలో నిలిచిన గుక్కెడు వాననీళ్ళలో దాని కాపురం. ఆ రోజు తడిసి ముద్దయి కూడా ఎంత నవ్వుకుందో, తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఈయన అప్పుడు లాబ్‌లో తనకు సీనియర్. ఆ ఏడే పెళ్ళి, వెంటనే కడుపు. "నువ్వు వాంతుల సంగతి చూసుకో, వ్యాసం నేను రాస్తాలే" అన్నాడు. రాశాడు, ఆయన పేరుతోనే. చెట్టెక్కి చూసిన మనిషి కాదు కాబట్టి, 'వాగు ఒడ్డున దొరికింది' అని రాసిపారేశాడు. టైపు చేస్తూ ఆమె "తొర్రలో కదండీ" అంటే, అత్తగారు "వాడికి తెలీదా? అక్కడ పాలు పొంగుతున్నాయి చూడు" అన్నారు. వెళ్ళి చూసింది. తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పింది కూడా. "పరిశోధనంటే వంట కాదు" అన్నాడాయన. ఇక నోరు మూసుకుంది. ఆ మూసుకోవడమే ఇప్పుడు ఆ చిన్నప్రాణి మెడకు చుట్టుకుంది.

చేతులు కడుక్కుని హాల్లోకి వెళ్ళి, ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అమ్మాయ్, ఏమీ రాయకు. రేపు పొద్దున నేనొస్తున్నాను. ఒక నిచ్చెన, టార్చిలైటు తెచ్చిపెట్టు."

"నిచ్చెనేమిటి? నీ మోకాళ్ళ నొప్పులు మర్చిపోయావా?" అన్నాడాయన.

"మోకాళ్ళు నావి, నొప్పీ నాదే. మీరు వెళ్ళి ఆ ప్యాంటు జాడించుకోండి."

మర్నాడు మధ్యాహ్నం దాకా నాలుగు చెట్లెక్కి దిగింది. నడుము పట్టేసింది. శిష్యురాలు వద్దంటున్నా అయిదోదానికి నిచ్చెన వేయించింది. టార్చి వెలుగులో, తొర్రలోని నల్లటి నీళ్ళ మీద, రెండు కళ్ళు మెరిశాయి.

"ఉన్నావటే తల్లీ" అంది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

కింద నిచ్చెన పట్టుకున్న పిల్ల సంబరపడిపోతూ ఫారం తీసింది. "సార్ చూసిన ముప్పై ఏళ్ళకు మళ్ళీ మీరు చూశారు మేడమ్. అలాగే రాయనా?"

ఆమె నిచ్చెన దిగకుండానే చెప్పింది.

"సరిగ్గా రాయమ్మా. రెండుసార్లూ నేనే."